రోలు లేని దంపుడు

సోమవారం పొద్దున స్టాఫ్‌రూము గోడ మీద అంటించిన కాగితాన్ని ఫోస్టర్ కంబలామె మూడుసార్లు చదివాడు. శుక్రవారం విద్యా సలహాదారు చిపోజోల గారు వస్తున్నారు. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పాఠం జరుగుతుండగా కూర్చుని చూస్తారు. పాఠం నిబంధనల ప్రకారం లేకపోతే ఆ తరగతిని ఎనెలేసి నమలొంబ మేడమ్ చేతిలోంచి తీసి ఫోస్టర్‌కి అప్పగిస్తారు.

మేడమ్ మీద పై ఆఫీసుకి రెండు ఫిర్యాదులు వెళ్ళాయి. ఇంగ్లీషు గంటలో ఊరి భాష చిచేవా మాట్లాడుతుందని ఒకటి. తరగతిలోకి రోలూ రోకళ్ళూ మోయించుకొస్తుందని రెండోది. రెండూ నిజమే.

నమికోంగో బడిలో ఎనిమిదో తరగతంటే నూటనలభై ఏడుమంది. పెద్ద పరీక్షకి ఇంకా పదకొండు వారాలుంది. ఆ పరీక్ష దాటినవాళ్ళ పేర్లు బడి గోడ మీద పడతాయి, వాళ్ళు జోంబాలోనో ఇంకెక్కడో హైస్కూలుకి పోతారు. పేరు పడనివాళ్ళు చిల్వా చెరువు మీద వల పట్టుకుంటారు, లేదంటే ఎవరి చేలోనో పార పట్టుకుంటారు. ఇంగ్లీషు పోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు.

ఆ తరగతి తనకి వస్తుందన్న మాట ఫోస్టర్‌కి సంతోషం కలిగించాల్సింది. కానీ కలిగించలేదు. అతనిది సైన్సు చదువు. బ్లాంటైర్ బస్తీలో పుట్టి పెరిగాడు. ఈ బడికొచ్చి ఏడాదిన్నర. కిందటి నెల ఏడో తరగతికి విశేషణానికీ క్రియావిశేషణానికీ తేడా చెప్పాడు. బోర్డు మీద రెండు గడులు గీశాడు. చివర ‘లీ’ ఉన్నవన్నీ కుడి గడిలోకి, లేనివి ఎడమ గడిలోకి అన్నాడు. పిల్లలు బుద్ధిగా ‘అగ్లీ’నీ ‘ఫ్రెండ్లీ’నీ కుడి గడిలోకి తోసి, ‘హార్డ్’నీ ‘ఫాస్ట్’నీ ఎడమ గడిలో బందీ చేశారు. పరీక్ష పెడితే నూట ముప్ఫైమందిలో పంతొమ్మిదిమందే నెగ్గారు. ఆ రాత్రి భార్య టియొంగెతో, “గడులు సరిగానే గీశానే” అన్నాడు. మూడు నెలల బిడ్డని భుజాన వేసుకుని జోకొడుతున్న టియొంగె, “గడులు నీవి, మాటలు వాటివి” అంది.

మేడమ్ పిల్లలు అదే ప్రశ్నకి మాదిరి పరీక్షలో నూటపద్దెనిమిదిమంది సరిగ్గా రాశారు. ఎలా? ఆ సంగతి తెలుసుకోవడానికే ఫోస్టర్ మంగళవారం తన ఏడో తరగతికి లెక్కలిచ్చి, ఎనిమిదో తరగతి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

గది నడుమ రోలు ఉంది. మనిషి తొడ ఎత్తు, చెట్టు మొద్దు తొలిచి చేసింది. దాని చుట్టూ ముగ్గురు ఆడపిల్లలు మూడు రోకళ్ళు పట్టుకుని నిలబడ్డారు. మిగతావాళ్ళు నేల మీద మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చున్నారు. ఎనెలేసి మేడమ్ చాక్‌పీసులు అయిపోవడంతో ఎండు కర్రపెండలం ముక్కతో బోర్డు మీద రాస్తోంది. మనిషి పొట్టి. నడుముకి చుట్టిన చితెంజె గుడ్డ రంగు వెలిసి ఏ పువ్వులు ఉండేవో తెలియకుండా పోయింది.

“ఫైనెస్! రోకలి ఎలాంటిదే?”

“హెవీ, మేడమ్.”

“రోకలిని గోడకి ఆనించు. పడుకోబెట్టు దాన్ని. ఇప్పుడు?”

“ఇప్పుడూ హెవీనే, మేడమ్.”

“ఎత్తి దంచు. ఎలా దంచుతున్నావు?”

ఫైనెస్ అనే ఆ సన్నటి పిల్ల రోకలిని తల మీదకెత్తి ఒక్కటేసింది. నేల అదిరింది. “హెవీలీ, మేడమ్!”

“ఆపు. పడుకోబెట్టు. ఆ దెబ్బ ఇప్పుడెక్కడుంది?”

గదంతా రోట్లోకి చూసింది. అక్కడ ఏమీ లేదు. “పోయింది మేడమ్” అన్నారు అందరూ.

“నిద్రపుచ్చినా వదలకుండా ఉండేది పేరుకి తోడు. నిద్రపుచ్చగానే మాయమయ్యేది పనికి తోడు. మాట చివర ఏ తోక వేలాడుతోందో మనకి అనవసరం. ముందు ఎవరి పక్కన నడుస్తోందో చూడండి. తోడు తప్పిన మాట ఊరు తప్పిన మేక.”

పాఠమయ్యాక ఫోస్టర్ ఊరుకోలేకపోయాడు. సైన్సు చదివినవాడికి ఏ సూత్రం కనబడినా అది ఎక్కడ విరుగుతుందో చూడాలని చెయ్యి దురద.

“మేడమ్, మరి యాంగ్రీ సంగతేంటి? కోపంగా ఉన్న మనిషి నిద్రపోతే కోపం పోతుందిగా? అయినా అది పేరుకి తోడే.”

“నువ్వు మా అత్తని చూళ్ళేదు నాయనా,” అంది మేడమ్ రోకలి తుడుస్తూ. “నిద్దట్లో కూడా నా వైపు తిరిగి పళ్ళు కొరికేది.”

రోకళ్ళ పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

“నువ్వన్నది నిజమే. నా పరీక్ష తలుపు దాకా తీసుకెళ్తుంది. గడప వాళ్ళే దాటాలి. ఎనిమిదో తరగతి పిల్లకి తలుపెక్కడుందో తెలిస్తే చాలదా?”

బుధవారం, గురువారం కూడా వెళ్ళి చూశాడు. గురువారం సాయంత్రం మేడమ్ ఇంటి వాకిట్లో కొత్త వేరుశనగ దంచుతుంటే బిడ్డని ఎత్తుకుని అక్కడే కూర్చున్నాడు. బిడ్డకి రెండు రోజులుగా దగ్గు. ఫోస్టర్ మాట్లాడుతూనే ఒక చేత్తో ఆ చిన్న వీపు పట్టుకుని నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెడుతున్నాడు.

“నలభై రెండు,” అన్నాడు తనలో తను.

“ఎన్నని లెక్కపెట్టడం మానెయ్. ఎలా పీలుస్తోందో విను,” అంది మేడమ్ దంపు ఆపకుండా. “మెత్తగా పీలుస్తోంది. ఏం భయం లేదు.”

ఫోస్టర్ చెవి ఆనించి విన్నాడు. మెత్తగానే ఉంది.

“రేపటి గురించి మీకు భయం లేదా మేడమ్?”

“రోట్లో తల పెట్టినదాన్ని, రోకటి పోటుకి వెరిస్తే ఎలా? భయమెందుకు లేదు. ఆ పిల్లల్ని నా దగ్గర్నుంచి లాక్కుంటే నాకింకేం ఉంది? నాకు రిటైర్మెంటు రెండేళ్ళలో. ఈ నూటనలభై ఏడుమందిని గోడ మీదకెక్కించి పోదామనుకున్నా.”

అప్పుడు చెప్పింది తన సంగతి, దంపుకి దంపుకి నడుమ. ఆవిడ చదివింది పదో తరగతి దాకానే. మొగుడు చిల్వా మీద చేపలు పట్టేవాడు. చెరువు ఎండిపోయిన ఏడాది తేయాకు తోటల్లో కూలికని పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. అంతకు ముందటేడే సర్కారు బడి ఫీజులు ఎత్తేసింది. పిల్లలు వరదలా వచ్చి పడ్డారు, పంతుళ్ళు చాలలేదు. అక్షరం వచ్చినవాళ్ళనల్లా పిలిచి, రెండు వారాలు ఏదో నేర్పి, బడుల్లోకి తోశారు. అలా తోసినవాళ్ళలో ఎనెలేసి ఒకతె. మొదటిరోజు ఆమె ముందు నూట అరవైమంది, చేతిలో అట్ట ఊడిన ఒక్క పుస్తకం.

“మొదటేడే ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పిల్లల ముందే నన్నడిగాడు, ఈ రెంటికీ తేడా ఏంటని. పుస్తకంలో ఉన్న వాక్యం అప్పజెప్పాను. అది కాదు, నీ మాటల్లో చెప్పు అన్నాడు. నా దగ్గర మాటల్లేవు. నూట అరవైమంది నా మొహంలోకి చూస్తున్నారు.”

రోకలి రెండుసార్లు పడింది.

“ఆ సాయంత్రం ఏడుస్తూ వచ్చి మా అత్తతో, ఆడబిడ్డతో కలిసి దంపుకి నిలబడ్డాను. ఒక్క రోలు, మూడు రోకళ్ళు. తెలుసుగా, ఒకళ్ళది పైకి లేస్తుంటే ఒకళ్ళది దిగాలి. నా రోకలి తప్పి ఆడబిడ్డ దానికి తగిలింది. అత్త అరిచింది. ‘ఏమే, రోకలి నల్లదా ఎర్రదా అని చూస్తున్నావా? రోకలెలాంటిదైతే నీకెందుకు, ఎలా పడుతోందో చూసుకో!’ అని. నేను అలాగే నిలబడిపోయాను. ఎలాంటిది, ఎలా. ఆ రెండూ పుట్టినప్పట్నుంచీ నా చేతుల్లోనే ఉన్నాయి, నాయనా. ఆ ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు నేను పుస్తకంలో వెతికాను.”

పొద్దు వాలుతోంది. వాకిళ్ళన్నిట్లోంచీ దంపుళ్ళ చప్పుడు వస్తోంది. ఏడాదిన్నరగా రోజూ వింటున్న చప్పుడే. అందులో ఒక వ్యాకరణం నడుస్తోందని అతనికి ఆ సాయంత్రం దాకా తెలియదు.

శుక్రవారం తెల్లవారకముందే ఊళ్ళోంచి ఆడవాళ్ళ ఏడుపు లేచింది. ఊరిపెద్ద పినతల్లి పోయింది. ఖననం మధ్యాహ్నం రెండింటికి. పొద్దున పది దాకా బడి పెట్టుకుని తర్వాత అందరూ చావింటికి రావాలని కబురొచ్చింది. చిపోజోల గారు అప్పటికే జోంబాలో మోటార్ సైకిలెక్కేశారు.

ఫోస్టర్ బడికి వెళ్ళేసరికి మేడమ్ తరగతి గది నడుమ నిలబడి రోలుని వాల్చి దొర్లిస్తోంది.

“ఎక్కడికి మేడమ్? ఆయన వచ్చే వేళయింది.”

“బయటికి. ఊళ్ళో శవం లేవలేదు. మట్టి చేసేదాకా ఈ ఊళ్ళో రోలు మోగకూడదు. తెలీదా నీకు?”

బ్లాంటైర్ బస్తీలో పిండి మరాడించుకోవడమే తప్ప దంపు లేదు. అతనికి తెలియదు.

“మరి మీ పాఠం? రోలు లేకపోతే…” గొంతు తగ్గించాడు. “మెల్లగా కొట్టిస్తే? అడుగున గోనె వేద్దాం. చావిల్లు అంత దూరంలో ఉంది, ఎవరికి వినపడుద్ది?”

మేడమ్ రోలు మీద చెయ్యి ఆనించి అతని వైపు చూసింది. కోపంగా చూడలేదు. కోపంగా చూసినా బాగుండేది.

“పోయినావిడకి వినపడుద్ది,” అంది. “ఈ రోలు మీద చెయ్యి పట్టు.”

ఇద్దరూ కలిసి రోలుని దొర్లించుకుంటూ వంటచెరకు పెట్టే కొట్టులోకి చేర్చి బోర్లించారు. రోకళ్ళు మూలకి వేశారు. మేడమ్ చేతులు దులుపుకుంది. పోనీ ఆయన్ని మరోరోజు రమ్మందామా అని ఫోస్టర్ అంటే, కాగితం మీద ఈ రోజే ఉందనీ, ఆయన ముప్ఫై రెండు బడులు తిరగాలనీ ఆవిడే అంది.

చిపోజోల గారు పెద్ద మనిషి, బూట్లకి ఎర్రమట్టి. వచ్చీ రావడంతోనే సంతాపం చెప్పారు. గది వెనక కుర్చీ వేయించుకుని, ఒళ్ళో పలక, దాని మీద గడులు గీసిన కాగితం పెట్టుకున్నారు. ఫోస్టర్ గోడకి ఆనుకుని పక్కనే నిలబడ్డాడు. కాగితం కనపడుతోంది. ‘బోధన సామగ్రి’ అని ఒక గడి. ‘ఇంగ్లీషే వాడారా?’ అని ఇంకో గడి.

మేడమ్ పిల్లల ముందు నిలబడింది. బయట ఏడుపు గాలివాటుగా వచ్చి పోతోంది. పిల్లలు రోలు ఉండాల్సిన చోటు వైపు చూస్తున్నారు.

“లేవండి,” అంది ఇంగ్లీషులో, చిన్న గొంతుతో. “అందరూ రోకళ్ళు తీసుకోండి.”

నూటనలభై ఏడుమంది లేచారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఫైనెస్ ముందుగా అర్థం చేసుకుంది. రెండు పిడికిళ్ళు ఒకదాని కింద ఒకటి పెట్టి, లేని రోకలిని పట్టుకుంది. పక్కవాళ్ళు పట్టుకున్నారు. వెనకవాళ్ళు పట్టుకున్నారు.

“పౌండ్.”

దంచమనగానే చేతులన్నీ ఒక్కసారి లేచాయి. ఒక్కసారి దిగాయి. చప్పుడు లేదు. మళ్ళీ లేచాయి, దిగాయి. చొక్కాల గుడ్డ కదిలిన సవ్వడి తప్ప ఏమీ లేదు. చిన్నప్పట్నుంచి అలవాటైన చేతులు కావడంతో కాసేపటికే ఒక వరస లేచేటప్పుడు పక్క వరస దిగుతోంది, ఎవరూ చెప్పకుండానే, లేని రోకళ్ళు ఒకదానికొకటి తగలకుండా.

“స్లోలీ.”

గది మొత్తం మందగించింది. నీళ్ళ అడుగున దంచుతున్నట్టు.

“హార్డ్.”

చేతులు తలల మీదకి పోయి కిందకి విరుచుకుపడ్డాయి. ఫోస్టర్ కళ్ళు చిట్లించుకున్నాడు, చప్పుడు వస్తుందని. రాలేదు. రోలుంటే దాని అడుగు తగిలే చోట నూటనలభై ఏడుమంది చేతులు టక్కున ఆగాయి.

ఇన్ని రోజులూ ఈ పాఠంలో రోకలి ఉంది, రోలు ఉంది, బరువుంది, రంగుంది. ఇవాళ అవన్నీ తీసేస్తే మిగిలింది ఇదే. వస్తువు లేదు, దాని ఎత్తూ లేదు, నలుపూ లేదు. అయినా పని ఉంది. ఆ పని ‘ఎలా’ అన్నది గాలిలో కంటికి కనబడుతోంది. తను కాలేజీలో వేగాన్ని బరువు నుంచి విడదీసి రాసినప్పుడు అదంతా కాగితం మీది మాటే. ఇక్కడ పస్తుతో బడికొచ్చిన పిల్లలు దాన్ని చేతులతో విడదీసి పట్టుకున్నారు.

మేడమ్ ఆపమంది. తర్వాత ఇంగ్లీషులోనే చెప్పింది. నేను ఒక మాట చెప్తాను. అది పేరుకి తోడైతే రెండు చేతులూ చెంప కింద పెట్టి నిద్రపోండి. పనికి తోడైతే దంచండి.

“ది టాల్ విడో.”

అందరూ నిద్రపోయారు.

“షీ వెప్ట్ బిటర్లీ.”

అందరూ దంచారు. ఆ మాటకి తగ్గట్టే ఊళ్ళోంచి ఏడుపు వినపడుతూనే ఉంది. ఎవరూ పక్కకి చూడలేదు.

చిపోజోల గారు చెయ్యెత్తారు. “మేడమ్, నేనొకటి అడగొచ్చా? ఏ ఫాస్ట్ డాగ్.” నిద్ర. “ది డాగ్ రన్స్ ఫాస్ట్.” దంపు. ఆయన కనుబొమలు లేచాయి. పెన్నుతో పలక మీద రెండుసార్లు తట్టి, నెమ్మదిగా అన్నారు.

“ది పోరిడ్జ్ స్మెల్స్ గుడ్.”

గది తడబడింది. ముందు వరసలో సగంమంది నిద్రపోయారు, వెనక సగంమంది దంచారు. మధ్యలోవాళ్ళు ఒక చెయ్యి చెంప మీద, ఒక చెయ్యి గాలిలో పెట్టుకుని పక్కవాళ్ళని చూస్తున్నారు. స్మెల్స్ అన్నది క్రియ. దాని పక్కనున్నది పనికి తోడనే ఎవరైనా అనుకుంటారు. మూడు రోజుల కిందట తనైనా దంచేవాడే.

మేడమ్ సలహాదారు వైపు చూసింది, ఆయన ఒళ్ళోని కాగితం వైపు చూసింది. తర్వాత పిల్లల వైపు తిరిగి చిచేవాలో మాట్లాడింది.

“దంచేవాళ్ళూ, మీరు చెప్పండి. ఇక్కడ పని చేస్తున్నదెవరు? అంబలా?”

“అంబలి మేడమ్.”

“అంబలి వాసన పీలుస్తోందా? దానికి ముక్కుందా?”

ఎక్కడో ఒక నవ్వు పుట్టి, చావు రోజని గుర్తొచ్చి గొంతులోనే చచ్చిపోయింది. ఫైనెస్ చెయ్యి ఎత్తకుండానే అనేసింది.

“ముక్కు లేదు మేడమ్. అది ఊరికే కుండలో కూర్చుంది. గుడ్ అన్నది అంబలి సంగతి, అది చేసిన పని సంగతి కాదు.”

“మరి కుక్క ఎముకని వాసన చూస్తే?”

“కుక్కకి ముక్కుందిగా! అది పనే.”

దంచుతున్న చేతులు ఒక్కొక్కటే కిందకి దిగి చెంపల కిందకి చేరాయి. చివరికి గదిలో నూటనలభై ఏడుమంది నిలబడే నిద్రపోతున్నారు. ఎంత నిశ్శబ్దమంటే, రేకుల మీద నడుస్తున్న కాకి గోళ్ళ చప్పుడు వినపడింది.

పిల్లలు చావింటికి బయల్దేరాక ముగ్గురే మిగిలారు. చిపోజోల గారు కుర్చీలోంచి లేవలేదు.

“సొంత భాష వాడారు మేడమ్.”

“వాడాను సార్. అంబలికి ముక్కు లేదని ఇంగ్లీషులో చెప్తే వాళ్ళు రాసుకునేవాళ్ళు. చిచేవాలో చెప్తే చూశారు.”

“ఈ గడిలో నేను ‘లేదు’ అని రాయక తప్పదు.”

“రాయండి.”

ఆయన రాశారు. ఆయన పెన్ను తర్వాతి గడి మీదకి వచ్చి ఆగింది. బోధన సామగ్రి. రోలు గురించిన ఫిర్యాదు కాగితం ఆ పలక కిందే ఉంది. ఆయన గది నడుమ ఖాళీ నేల వైపు చాలాసేపు చూశారు.

“ఇక్కడేం రాయాలి? నిజంగానే అడుగుతున్నా. ఏమీ లేదని రాస్తే అబద్ధమవుతుంది.”

“మీ ఇష్టం సార్.”

“ఎంతమంది అన్నారు? నూటనలభై ఏడా?” మనసులో లెక్క వేసుకున్నారు. చిన్న అక్షరాలతో, గడి దాటిపోకుండా, ‘రెండువందల తొంభై నాలుగు చేతులు’ అని రాశారు. దాని కింద ఇంకో వాక్యం రాసి, సంతకం చేసి, కాగితం మేడమ్‌కి అందించారు. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పరీక్ష ముగిసేవరకూ ఇప్పుడున్న ఉపాధ్యాయిని దగ్గరే ఉండాలి. ఏడో తరగతి ఉపాధ్యాయుడు వారానికి రెండు గంటలు ఆమె తరగతిలో కూర్చోవాలి.

మేడమ్ ఆ కాగితాన్ని నిలబడే చదివింది. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చింది. ఆయన ముందు మోకాళ్ళు కొద్దిగా వంచి, అరచేతులు రెండుసార్లు మెల్లగా తట్టింది. వాళ్ళ పద్ధతిలో కృతజ్ఞత అది.

“విన్నావా కంబలామె?” అన్నారు చిపోజోల గారు లేస్తూ. “నీకు తరగతి పోయింది.”

“పోవాలనే కోరుకున్నా సార్.”

“అబ్బో! అయితే వెనక కూర్చోకు. పిల్లల మధ్య నేల మీద కూర్చో. కుర్చీలోంచి ఇది రాదు.”

మేడమ్ తలగుడ్డ బిగించుకుంది. “పదండి సార్. పెద్దావిడని సాగనంపాలి. నాయనా, కిటికీ తలుపులు వేసి రా.”

వాళ్ళిద్దరి అడుగులూ దూరమయ్యాయి. ఫోస్టర్ ఒక్కొక్క తలుపే మూశాడు. గది చీకటి పడింది. నడుమకి వచ్చి, రోలు ఉండాల్సిన చోట నిలబడ్డాడు. ఎవరూ లేరని చూసుకుని, పిడికిళ్ళు ఒకదాని కింద ఒకటి పెట్టి తల మీదకెత్తాడు. దించాడు. చేతులు ఎక్కడ ఆగాలో వాటికి తెలియలేదు. మోకాళ్ళ దాకా జారిపోయాయి. మళ్ళీ ఎత్తాడు. నాలుగోసారికో అయిదోసారికో గాలిలో ఒకచోట అవి వాటంతట అవే ఆగాయి. అతను ఆ ఆగిన చోటుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.